చలనచిత్రాల ధ్రువీకరణలో ప్రజల స్థానం

ఒక చలనచిత్రం ముస్లిముల విశ్వాసాన్ని గాని, వారి జీవన విధానాన్ని గాని కించపరుస్తున్నదన్న వార్త పొక్కినప్పుడల్లా సమాజంలో రెండు రకాల ప్రతిస్పందనలు కనిపిస్తాయి. మొదటిది ఆగ్రహం. ఊరేగింపులు తీస్తారు, పోస్టర్లు చింపుతారు, సినిమా హాలు ముందు గుమిగూడుతారు. రెండవది నిరాశ. "సెన్సారు వాళ్ళే వదిలిపెట్టిన తరువాత మామూలు మనిషి చేయగలిగింది ఏమున్నది?" అని పెదవి విరిచి ఊరుకుంటారు. పైకి ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపించినా వీటి మూలం ఒక్కటే. చలనచిత్రాలకు సర్టిఫికెట్టు ఇచ్చే విధానంలో ప్రజలకు ఏ మేరకు స్థానమున్నదో తెలియకపోవటమే ఆ మూలం.

ఆ స్థానం ఉన్నది. కాని అది అన్ని దశలలోనూ ఒకే విధంగా లేదు. నియమాలు రూపుదిద్దుకునే దశలో ప్రజల మాటకు విలువ ఎక్కువ. చిత్రం తయారై, సర్టిఫికెట్టు పొంది, విడుదలకు సిద్ధమైన తరువాత ఆ విలువ చాలా తగ్గిపోతుంది. దురదృష్టవశాత్తు ప్రజలు మేల్కొనేది మాత్రం ఎక్కువగా ఆ చివరి దశలోనే. కనుక ఏ దశలో ఏమి చేయవచ్చునో, ఏది చేయరాదో తెలుసుకోవటం అవసరం.

సెన్సారు నుండి ధ్రువీకరణ వరకు

భారతదేశంలో చలనచిత్రాలకు సంబంధించిన మొదటి చట్టం 1918లో వచ్చింది. 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్ నగరాలలో సెన్సారు బోర్డులు ఏర్పడినవి. పరాయి పాలనలో పుట్టిన ఈ ఏర్పాటులో కూడ ప్రజల అభిప్రాయం అడిగిన సందర్భం ఒకటున్నది. 1927లో టి. రంగాచారియర్ అధ్యక్షతన నియమింపబడిన విచారణ సంఘం వివిధ నగరాలలో 353 మంది సాక్షులను విచారించి, 1928లో తన నివేదికను సమర్పించింది.

స్వాతంత్ర్యానంతరం 1952లో వచ్చిన సినిమాటోగ్రాఫ్ చట్టమే నేటికీ ఆధారం. ఆ చట్టం క్రింద ఏర్పడిన కేంద్ర సెన్సారు బోర్డు పేరు 1983 జూన్ 1వ తేదీన కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ బోర్డుగా మారింది. జనం నోట ఇంకా "సెన్సారు" అన్న మాటే నిలిచి ఉన్నా, పేరు మార్పులో ఒక భావమున్నది. బోర్డు పని చిత్రాలను ఆపటం మాత్రమే కాదు, ఏ చిత్రం ఏ వయస్సు వారికి తగినదో నిర్ణయించటం కూడ.

మొదట్లో సర్టిఫికెట్లు రెండే రకాలు. అందరూ చూడదగిన చిత్రానికి "యు", పెద్దలకు మాత్రమే పరిమితమైన చిత్రానికి "ఏ". 1983లో మరి రెండు చేరినవి. 12 ఏళ్ళలోపు పిల్లలు తల్లిదండ్రుల విచక్షణ మేరకు చూడదగిన వాటికి "యు/ఏ", వైద్యుల వంటి ప్రత్యేక వర్గాలకు ఉద్దేశించిన వాటికి "ఎస్". 2023లో పార్లమెంటు ఆమోదించిన సవరణ చట్టం "యు/ఏ"ను మూడుగా విభజించింది. అవి 7 ఏళ్ళు పైబడినవారికి, 13 ఏళ్ళు పైబడినవారికి, 16 ఏళ్ళు పైబడినవారికి అని. ఐతే ఇవి తల్లిదండ్రులకు ఇచ్చే సూచనలు మాత్రమే. పిల్లవాణ్ణి ఆ చిత్రానికి తీసుకొని వెళ్ళాలో వద్దో నిర్ణయించుకొనే బాధ్యత తల్లిదండ్రులదే. "ఏ" చిత్రానికి 18 ఏళ్ళు నిండనివారిని అనుమతించటం మాత్రం నేరం.

ఈ తేడాను ముందుగా గ్రహించాలి. ఒక చిత్రంపై అభ్యంతరం ఉన్నవారు రెండు వేరు వేరు విషయాలు కోరవచ్చు. "ఈ చిత్రం పిల్లలకు తగదు, దీని శ్రేణి మార్చండి" అన్నది ఒకటి. "ఈ దృశ్యం, ఈ మాట చట్టానికి విరుద్ధం, దీనిని తొలగించండి" అన్నది మరొకటి. మొదటి కోరిక ధ్రువీకరణ విధానపు అసలు లక్ష్యానికి దగ్గరగా ఉంటుంది. రెండవది వాక్‌స్వాతంత్ర్యపు హద్దులకు సంబంధించినది కనుక దానికి గట్టి ఆధారం కావాలి.

ప్రేక్షకుడు కక్షిదారు కాడు

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. బోర్డు నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకొనే అవకాశం ఉన్నదా? నిర్మాతకు ఉన్నది, ప్రేక్షకునికి లేదు. సర్టిఫికెట్టు కోరిన వ్యక్తి మాత్రమే అప్పీలుకు అర్హుడని చట్టంలోని 5-సి సెక్షను స్పష్టం చేస్తున్నది. ఆ అప్పీళ్ళను విచారించటానికి ఒక ట్రిబ్యునలు ఉండేది. 2021 ఏప్రిల్‌లో దానిని రద్దు చేశారు. అప్పటి నుండి నిర్మాతలు నేరుగా హైకోర్టుకు వెళ్ళవలసి వస్తున్నది.

అన్ని దేశాలలోనూ ఇదే పద్ధతి లేదు. ఆస్ట్రేలియాలో 1995 నాటి చట్టం క్రింద వర్గీకరణ బోర్డు వేరు, దాని నిర్ణయాలను తిరిగి పరిశీలించే బోర్డు వేరు. మంత్రి, దరఖాస్తుదారు, ప్రచురణకర్తలతో పాటు ఆ నిర్ణయం వలన బాధితుడైన వ్యక్తి కూడ పునఃపరిశీలన కోరవచ్చునని ఆ చట్టం అంగీకరించింది. ఐతే బాధితుడు ఎవరన్న విషయంలో నిబంధనలున్నవి, రుసుమూ ఉన్నది. బ్రిటన్‌లోని చలనచిత్ర వర్గీకరణ సంస్థ మరొక మార్గం పట్టింది. కొన్ని సంవత్సరాలకొకసారి ప్రజల అభిప్రాయాలను సేకరించి తన మార్గదర్శక సూత్రాలను సవరించుకొంటుంది. 2024లో వెలువడిన సూత్రాలకు ముందు దాదాపు 12,000 మంది అభిప్రాయాలు తీసుకొన్నది.

భారతదేశంలో ప్రేక్షకునికి అప్పీలు హక్కు లేదన్నంత మాత్రాన మార్గాలన్నీ మూసుకుపోయినట్లు కాదు. ముఖ్యంగా నాలుగు మార్గాలున్నవి.

మొదటి మార్గం: నియమాలు రూపొందే దశ

2021 జూన్ 18వ తేదీన కేంద్ర ప్రభుత్వం సినిమాటోగ్రాఫ్ చట్టానికి సవరణల ముసాయిదాను ప్రకటించి, జులై 2వ తేదీలోగా ప్రజలు తమ అభిప్రాయాలు పంపవచ్చునని తెలిపింది. గడువు పద్నాలుగు రోజులు. ఆ ముసాయిదాలో ఒక ముఖ్యమైన ప్రతిపాదన ఉన్నది. బోర్డు సర్టిఫికెట్టు ఇచ్చిన చిత్రాన్ని తిరిగి పరిశీలించమని ఆదేశించే అధికారం కేంద్రానికి కల్పించాలన్నది ఆ ప్రతిపాదన. చలనచిత్ర రంగంలోని అనేకులు దీనిని వ్యతిరేకిస్తూ లిఖితపూర్వకంగా తమ వాదన తెలిపారు. 2023లో పార్లమెంటు ముందుకు వచ్చిన బిల్లులో ఆ ప్రతిపాదన లేదు.

ఆ ప్రతిపాదన మంచిదా, చెడ్డదా అన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసినది పద్నాలుగు రోజుల గడువులో స్పందించినవారి మాట చట్టం దాకా వెళ్ళిందన్న సంగతి. వయస్సును బట్టి శ్రేణుల విభజన కూడ ఒక్కరోజులో పుట్టినది కాదు. 2016లో శ్యామ్ బెనెగల్ అధ్యక్షతన పనిచేసిన సంఘం "యు/ఏ"ను 12 ఏళ్ళు, 15 ఏళ్ళు అని విభజించాలని సిఫారసు చేసింది. ఏడేళ్ళ తరువాత అది 7, 13, 16 ఏళ్ళ విభజనగా చట్టమైంది. ఇటువంటి సంఘాలకు, ముసాయిదాలకు మదర్సాల ఉపాధ్యాయులు, ముస్లిం విద్యాసంస్థలు, మహిళా సంఘాలు తమ అభిప్రాయాలు వ్రాసి పంపటానికి ఏ ఆటంకమూ లేదు. ఒక చిత్రంపై వంద ఊరేగింపులు తీసినా అది ఆ ఒక్క చిత్రానికే పరిమితం. మార్గదర్శక సూత్రంలో మారిన ఒక్క వాక్యం ఆ తరువాత వచ్చే వందల చిత్రాలకు వర్తిస్తుంది.

రెండవ మార్గం: సలహా సంఘాల సభ్యత్వం

చిత్రాన్ని మొదట చూసేది ఎవరు? చాలమంది అనుకొన్నట్లు బొంబాయిలో కూర్చున్న బోర్డు అధ్యక్షుడు కాదు. బోర్డుకు ముంబయి, చెన్నయి, కోల్‌కతా, బెంగుళూరు, తిరువనంతపురం, హైదరాబాదు, న్యూఢిల్లీ, కటక్, గౌహతి నగరాలలో ప్రాంతీయ కార్యాలయాలున్నవి. ప్రతి కార్యాలయానికి అనుబంధంగా సలహా సంఘం ఉంటుంది. చలనచిత్రాల ప్రభావం ప్రజలపై ఎలా ఉంటుందో అంచనా వేయగలవారిని అందులో కేంద్ర ప్రభుత్వం నియమిస్తుంది. వీరు ఉద్యోగులు కారు. అధ్యాపకులు, న్యాయవాదులు, రచయితలు, సంఘసేవకులు కావచ్చును.

1983 నియమాల ప్రకారం ఒక పూర్తి నిడివి చిత్రాన్ని పరిశీలించే సంఘంలో ఒక అధికారితో పాటు సలహా సంఘం నుండి నలుగురు ఉండేవారు. ఆ నలుగురిలో ఇద్దరు మహిళలు. వారి నిర్ణయంపై తృప్తి లేకపోతే, లేదా అధ్యక్షుడు అవసరమనుకుంటే, చిత్రం పునఃపరిశీలక సంఘం ముందుకు వెళ్ళేది. 2024లో వచ్చిన కొత్త నియమాలు బోర్డులోనూ సలహా సంఘాలలోనూ మూడవ వంతు మహిళలు తప్పనిసరిగా ఉండాలని, సగం ఉంటే మేలని చెప్పినవి.

తెలుగు చిత్రాలను పరిశీలించే గదిలో ముస్లిం కుటుంబ జీవితం తెలిసిన ఒక విద్యావంతురాలు కూర్చున్నదనుకుందాం. తలాఖ్ గురించిన సంభాషణలో పొరపాటు దొర్లినా, నమాజు దృశ్యం వెనువెంటనే హింసా దృశ్యాన్ని చేర్చి వక్రార్థం కల్పించినా ఆమె అక్కడే గుర్తించి చెప్పగలదు. విడుదలైన తరువాత పదివేలమంది సంతకాలు సేకరించినా సాధ్యం కానిది అక్కడ ఒక్క వివరణతో సాధ్యం కావచ్చు. ఈ సంఘాలలో చేరే అవకాశం కోసం యోగ్యులైనవారు దరఖాస్తు చేసుకోవటం, వారి పేర్లను సంస్థలు సూచించటం చేయదగిన పని.

మూడవ మార్గం: ఫిర్యాదు

సర్టిఫికెట్టు పొందిన చిత్రంపై బోర్డుకు ఫిర్యాదు వస్తే దానిని కేంద్ర ప్రభుత్వానికి పంపాలని 1983 నియమావళిలోని 32వ నియమం చెప్పేది. ప్రభుత్వం అవసరమని తలిస్తే చిత్రాన్ని తిరిగి పరిశీలించమని బోర్డు అధ్యక్షుణ్ణి ఆదేశించేది. ఐతే ప్రభుత్వపు అధికారానికి హద్దున్నది. బోర్డు నిర్ణయంపై ప్రభుత్వం పెత్తనం చేయరాదని కర్ణాటక హైకోర్టు ఇచ్చిన తీర్పును 2000 నవంబరు 28వ తేదీన సుప్రీంకోర్టు సమర్థించింది. దానితో చట్టంలోని 6వ సెక్షను మొదటి ఉపసెక్షను ధ్రువీకరణ పొందిన చిత్రాల విషయంలో చెల్లకుండా పోయింది.

అదే సెక్షను రెండవ ఉపసెక్షను 2025లో తిరిగి చర్చకు వచ్చింది. 2022లో ఉదయపూర్‌లో జరిగిన ఒక హత్య ఆధారంగా తీసిన "ఉదయపూర్ ఫైల్స్" చిత్రం 2025 జులై 11వ తేదీన విడుదల కావలసి ఉన్నది. దానికి వ్యతిరేకంగా జమీఅతె ఉలమాయె హింద్ అధ్యక్షుడు మౌలానా అర్షద్ మదనీ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించారు. జులై 10వ తేదీన హైకోర్టు విడుదలను నిలిపి, 6వ సెక్షను క్రింద ముందుగా కేంద్ర ప్రభుత్వానికి విన్నవించుకోవాలని పిటిషనుదారులకు సూచించింది. కేంద్రం ఒక సంఘం చేత చిత్రాన్ని పరిశీలింపజేసి కొన్ని మార్పులు చేయమన్నది. ఐతే ఈ సెక్షను క్రింద కేంద్రం చేయగలిగినవి మూడే: చిత్రాన్ని ధ్రువీకరణ లేనిదిగా ప్రకటించటం, శ్రేణి మార్చటం, కొంతకాలం ప్రదర్శన నిలిపివేయటం. దృశ్యాలు తొలగించమని చెప్పే అధికారం ఎక్కడున్నదని హైకోర్టు ప్రశ్నించగా కేంద్రం తన ఉత్తర్వును ఉపసంహరించుకొన్నది. చివరకు ఆగస్టు 8వ తేదీన చిత్రం విడుదలైంది.

ఈ ఉదంతం నుండి రెండు విషయాలు బోధపడుతున్నవి. ఫిర్యాదుదారుని వినటానికి చట్టంలో ఇంకా ఒక చోటు మిగిలి ఉన్నది. రెండవది, ఆ చోట కూడ చట్టంలో వ్రాసిన మేరకే ఉపశమనం లభిస్తుంది, అడిగినదల్లా దొరకదు.

నిస్సంకోచంగా చేయదగిన ఫిర్యాదులు మరి కొన్నున్నవి. బోర్డు తొలగించమన్న దృశ్యాలను సినిమా హాలులో తిరిగి జతచేసి చూపటం, సర్టిఫికెట్టు లేని చిత్రాన్ని ప్రదర్శించటం, "ఏ" చిత్రానికి పిల్లలను అనుమతించటం ఇటువంటివి. ఇవి చట్టరీత్యా నేరాలు. వీటిపై స్థానిక పోలీసులకు, సినిమా హాలుకు లైసెన్సు ఇచ్చే అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. ఇక్కడ మనోభావాల చర్చ అవసరమే లేదు, జరిగిన సంగతి నిరూపిస్తే చాలు.

నాల్గవ మార్గం: న్యాయస్థానం

చలనచిత్ర ధ్రువీకరణకు సంబంధించి పునాది వంటి తీర్పు 1970లో వెలువడింది. దర్శకుడు ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ తన లఘుచిత్రానికి "యు" సర్టిఫికెట్టు నిరాకరించటాన్ని సవాలు చేశారు. ప్రధాన న్యాయమూర్తి ముహమ్మద్ హిదాయతుల్లా నాయకత్వంలోని ధర్మాసనం విడుదలకు ముందు పరిశీలన రాజ్యాంగ విరుద్ధం కాదని తేల్చింది. అదే సమయంలో సూత్రాలు స్పష్టంగా ఉండాలని, కళను గుర్తించి విచక్షణతో వ్యవహరించాలని చెప్పింది.

నిర్మాత కాని వ్యక్తి కూడ రాజ్యాంగంలోని 226వ అధికరణం క్రింద హైకోర్టుకు వెళ్ళవచ్చు. ఐతే గత అర్ధశతాబ్దపు అనుభవం చూస్తే ఇటువంటి పిటిషన్లు ఎక్కువగా ఓడిపోయినవి. దేశ విభజన నాటి మతకలహాలను చూపిన "తమస్" ధారావాహిక 1988లో దూరదర్శన్‌లో ప్రసారమైనప్పుడు దానిని ఆపాలని పిటిషను పడింది. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు స్వయంగా ఆ ధారావాహికను చూశారు. సుప్రీంకోర్టు కూడ ప్రసారాన్ని సమర్థించింది. ఒక చిత్రం ప్రభావాన్ని అతిసున్నిత మనస్కుల దృష్టితో కాక, వివేకం, మనోధైర్యం గల సామాన్యుని దృష్టితో కొలవాలన్నది ఆ తీర్పు సారాంశం. 1989లో రిజర్వేషన్ల సమస్యపై తీసిన ఒక తమిళ చిత్రం విషయంలో, ఊరేగింపులు, అల్లర్లు జరుగుతాయన్న బెదిరింపు సర్టిఫికెట్టు రద్దుకు కారణం కాజాలదని సుప్రీంకోర్టు నిర్ద్వంద్వంగా చెప్పింది. శాంతిభద్రతలు కాపాడటం ప్రభుత్వం విధి అన్నది.

ఐతే పాక్షికంగా ఫలించిన పిటిషన్లు లేకపోలేదు. 2023లో "ది కేరళ స్టోరీ" చిత్రంపై పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం విధించిన నిషేధాన్ని సుప్రీంకోర్టు మే 18వ తేదీన నిలిపివేసింది. అదే ఉత్తర్వులో, 32,000 మంది స్త్రీలు మతం మారారన్న అంకెకు ప్రామాణికమైన ఆధారం లేదని, చిత్రం కల్పిత కథ అని చిత్రంలో ప్రకటించాలన్నది. నిషేధం నిలవలేదు, కాని అసత్యపు అంకె నిలదీయబడింది. ఆధారం అడిగినవారికి దక్కిన ఫలితమిది.

2024లో "హమారే బారహ్" చిత్రం విషయంలో జరిగినది మరింత బోధప్రదం. ప్రచార చిత్రం చూసి అది ముస్లిములను, ఖుర్ఆన్‌ను వక్రీకరించిందని పిటిషనుదారులు బొంబాయి హైకోర్టుకు వెళ్ళారు. జూన్ 13వ తేదీన సుప్రీంకోర్టు కూడ, హైకోర్టు తేల్చేవరకు ప్రదర్శనను నిలిపింది. తరువాత హైకోర్టు న్యాయమూర్తులు పూర్తి చిత్రం చూశారు. ఇరు పక్షాల అంగీకారంతో కొన్ని మార్పులు జరిగినవి. ధ్రువీకరణ పొందకుండానే ప్రచార చిత్రాన్ని విడుదల చేసినందుకు నిర్మాతలకు 5 లక్షల రూపాయల ఖర్చులు విధించారు. కాని చిత్రం మొత్తం మీద ముస్లిములకు గాని, ఖుర్ఆన్‌కు గాని వ్యతిరేకమైనది కాదని, స్త్రీల అభ్యున్నతిని ఉద్దేశించినదని న్యాయస్థానం అభిప్రాయపడింది. జూన్ 21వ తేదీన చిత్రం విడుదలైంది. ప్రచార చిత్రం విషయంలో పిటిషనుదారుల అభ్యంతరానికి బలం లభించింది. అసలు చిత్రం విషయంలో లభించలేదు. చూసిన దానిపై వాదించటానికి, ఊహించిన దానిపై వాదించటానికి ఉన్న తేడా ఇదే.

అన్నిటికంటె పూర్తిగా ఫలించిన ఉదాహరణ పిల్లల విషయంలో కనిపిస్తుంది. బొంబాయిలోని ఒక కళాశాల ఉపాధ్యాయురాలు, పెద్దలకు మాత్రమే పరిమితమైన చిత్రాలు కేబుల్ టెలివిజన్ ద్వారా ఇళ్ళలోకి వస్తున్నవని హైకోర్టుకు విన్నవించారు. 2005లో న్యాయస్థానం "యు", "యు/ఏ" సర్టిఫికెట్లు ఉన్న చిత్రాలను మాత్రమే చూపాలని ఆదేశించింది. ఆమె ఏ చిత్రాన్నీ నిషేధించమనలేదు. ఉన్న వర్గీకరణను ఇంటి తెరకూ వర్తింపజేయమన్నారు, అంతే. కోరిక పరిమితమైనది, ఆధారం స్పష్టమైనది, ప్రయోజనం అందరిదీ.

ఇంటి తెరపై

టెలివిజన్ కార్యక్రమాలకు 1995 నాటి కేబుల్ చట్టం వర్తిస్తుంది. 2021 జూన్‌లో చేసిన నియమాల ప్రకారం ప్రేక్షకుడు ముందుగా ఆ ఛానలుకు ఫిర్యాదు చేయాలి. 15 రోజులలో తృప్తికరమైన సమాధానం రాకపోతే ఛానళ్ళు ఏర్పరచుకొన్న స్వయం నియంత్రణ సంస్థకు, ఆ తరువాత ప్రభుత్వ స్థాయికి వెళ్ళవచ్చు.

ఇంటర్నెట్ ద్వారా చిత్రాలు చూపే ఓటీటీ వేదికలు తమ చిత్రాలను తామే వర్గీకరించుకొంటాయి. వయస్సు శ్రేణులు తెలపటం, ఫిర్యాదుల అధికారిని నియమించటం, 15 రోజులలో సమాధానమివ్వటం వంటి నిబంధనలను 2021 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించింది. మూడంచెల విధానానికి సంబంధించిన ఉపనియమాన్ని అదే సంవత్సరం ఆగస్టులో బొంబాయి హైకోర్టు నిలిపివేసింది. అయినా ఆయా వేదికల ఫిర్యాదుల అధికారికి వ్రాయటం ప్రేక్షకునికి అందుబాటులో ఉన్న మొదటి మెట్టు. ఇక్కడ ఒక సౌకర్యమూ ఉన్నది. చిత్రాన్ని ఆపి, వెనక్కు త్రిప్పి, అభ్యంతరకరమైన మాట ఏ నిమిషంలో ఉన్నదో కచ్చితంగా నమోదు చేసుకోవచ్చు.

ఫిర్యాదు ఎలా వ్రాయాలి?

ఫిర్యాదు పత్రం బలం దానిలోని కోపంలో కాక దానిలోని వివరాలలో ఉంటుంది. ఈ క్రింది అంశాలు తప్పక ఉండాలి.

1. చిత్రం పేరు, భాష, చిత్రం మొదట్లో తెరపై కనిపించే సర్టిఫికెట్టు సంఖ్య, తేదీ, శ్రేణి.

2. చిత్రాన్ని ఎక్కడ, ఏ తేదీన, ఏ ఆటకు చూసినదీ.

3. అభ్యంతరకరమైన దృశ్యం లేదా మాట యథాతథంగా. దాని ముందు వెనుకల సందర్భం కూడ. ఒక పాత్ర పలికిన దుర్భాషను తరువాతి సన్నివేశంలో మరొక పాత్ర ఖండిస్తే ఆ సంగతి దాచరాదు.

4. అది ఏ సూత్రానికి విరుద్ధమైనదో. 1991 డిసెంబరు 6వ తేదీన ప్రకటించిన మార్గదర్శక సూత్రాలలో జాతి, మత వర్గాలను అవమానించే దృశ్యాలు, మాటలు ఉండరాదన్న అంశమున్నది, మతవైషమ్యాన్ని ప్రోత్సహించరాదన్న అంశమూ ఉన్నది. అదే చోట చిత్రాన్ని మొత్తంగా, దాని సమగ్ర ప్రభావాన్ని బట్టి తూచాలన్న నియమం కూడ ఉన్నది. ఫిర్యాదుదారు ఈ రెండింటికీ సమాధానం చెప్పగలగాలి.

5. ఏమి కోరుతున్నదీ. శ్రేణి మార్పా, ఒక మాట తొలగింపా, వాస్తవ విరుద్ధమన్న ప్రకటనా? "చిత్రాన్ని నిషేధించండి" అన్న ఒక్క వాక్యం మిగిలిన నాలుగు అంశాల బలాన్నీ తగ్గించివేస్తుంది.

సర్టిఫికెట్టుకు సంబంధించిన వివరాలు, ఏ దృశ్యాలు తొలగించారన్న సమాచారం 2005 సమాచార హక్కు చట్టం క్రింద అడగవచ్చు. సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వవలసి ఉంటుంది. పత్రాన్ని స్పీడ్ పోస్టులో పంపి రశీదు భద్రపరచుకోవాలి. తరువాత న్యాయస్థానానికి వెళ్ళవలసి వస్తే, ముందుగా అధికారులను ఆశ్రయించినట్లు అదే సాక్ష్యం.

హక్కు, దాని హద్దు

2013 జనవరిలో "విశ్వరూపం" చిత్రం తమిళనాడులో నిలిచిపోయింది. బోర్డు "యు/ఏ" సర్టిఫికెట్టు ఇచ్చిన చిత్రాన్ని ముస్లిం సంస్థల అభ్యంతరంపై జిల్లా అధికారులు 144వ సెక్షను క్రింద ఆపివేశారు. చివరకు నిర్మాతతో సంస్థల ప్రతినిధులు రాజీ కుదుర్చుకొని, కొన్ని దృశ్యాలు, మాటలు తొలగింపజేశారు. ఫిబ్రవరి 7వ తేదీన చిత్రం విడుదలైంది. చూసినవారికి ఇది విజయంగా తోచవచ్చు. కాని చట్టబద్ధమైన బోర్డును ప్రక్కన పెట్టి, వీధిలో బలం ఉన్నవారితో బేరం కుదుర్చుకొనే పద్ధతి స్థిరపడితే అది చివరకు ఎవరికి మేలు చేస్తుంది? సంఖ్యలో తక్కువగా ఉన్నవారికి మాత్రం కాదు. ఈ రోజు ఒక వర్గం వాడిన ఆయుధాన్ని రేపు అంతకంటె పెద్ద వర్గం ముస్లిం రచయితపై, ముస్లిం దర్శకునిపై ప్రయోగిస్తుంది. అప్పుడు చట్టాన్ని శరణు కోరటానికి నైతిక బలం మిగలదు. అల్పసంఖ్యాకులకు చట్టం అందరికంటె ఎక్కువ అవసరం.

వార్త చేరినప్పుడు నిర్ధారించుకోకుండా చర్యకు దిగరాదన్న ఆదేశం ఖుర్ఆన్‌లోని 49వ సూరా, అల్ హుజురాత్, 6వ ఆయతులో ఉన్నది. ఒక జాతి పట్ల ద్వేషం న్యాయం తప్పటానికి కారణం కారాదన్న ఆదేశం 5వ సూరా 8వ ఆయతులో ఉన్నది. చలనచిత్రంపై ఫిర్యాదు ఒక విధంగా సాక్ష్యమే. చూడని దానికి సాక్ష్యమివ్వటం, విన్న పుకారును చూసినట్లుగా వ్రాయటం, చిత్రంలోని మంచిని దాచి చెడును మాత్రమే చూపటం, ఇవేవీ సాక్షికి తగినవి కావు. ముస్లిములను కించపరిచిన మాటపై అభ్యంతరం చెప్పే వ్యక్తి, అదే చిత్రంలో దళితులనో, హిందువులనో, క్రైస్తవులనో, స్త్రీలనో కించపరిచిన మాట ఉంటే దానిని కూడ అదే పత్రంలో వ్రాయాలి. అప్పుడు అది ఒక వర్గపు ఫిర్యాదుగా కాక పౌరుని ఫిర్యాదుగా నిలుస్తుంది.

ఆచరణలో ఇది పెద్ద పని కాదు. పట్టణంలోని ఒక విద్యాసంస్థ గాని, మహల్లా కమిటీ గాని ముగ్గురు నలుగురిని ఈ పనికి నియోగించవచ్చు. వారిలో ఒకరు న్యాయవాది, ఒకరు ఉపాధ్యాయుడు, ఒకరు పిల్లల తల్లి అయితే మంచిది. ముసాయిదా నియమాలు ప్రకటించినప్పుడు గడువులోగా అభిప్రాయం పంపటం, సలహా సంఘాలకు యోగ్యుల పేర్లు సూచించటం, వివాదం రేగినప్పుడు చిత్రాన్ని పూర్తిగా చూసి నివేదిక వ్రాయటం వారి పని. ఆ నివేదికలో అభ్యంతరం ఏమీ లేదని తేలితే ఆ మాట మసీదు ముందే ప్రకటించగల ధైర్యం కూడ వారికి ఉండాలి. తమ సమాజం ఆగ్రహాన్ని సకాలంలో చల్లార్చగలిగినవారి ఫిర్యాదునే అధికారులు, న్యాయమూర్తులు శ్రద్ధగా చదువుతారు.